ఆరు కోర్లా, నాలుగు కోర్లా? రెండు పాత సర్వర్ ప్రాసెసర్ల తూకం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేండ్ల పండుగ సభలో సర్వర్ ప్రాసెసర్ల ప్రస్తావన కొందరికి వింతగా తోచవచ్చును. కాని దీనికి తగిన కారణం ఉన్నది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పాఠశాలల్లో చదివినవారు ఎందరో ఈనాడు బెంగళూరు కార్యాలయాల్లో కంప్యూటర్ పనుల్లో ఉన్నారు. ఆ కార్యాలయాలు కొన్నేండ్లకొకసారి పాత సర్వర్లను తొలగించి కొత్తవి పెట్టుకుంటాయి. తొలగించిన యంత్రాన్ని చూడగానే పూర్వ విద్యార్థికి తాను చదివిన బడి గుర్తుకు రావడం సహజం. ఆ తలంపు మెచ్చదగినదే. అయితే ఆవును దానమిచ్చినవారు ఏడాది పొడుగునా గడ్డి వేయడానికి రారు. యంత్రం బడికి చేరిన నాటి నుండి దాని కరెంటు, దాని బ్యాటరీలు, చెడిపోయిన దాని విడిభాగాలు అన్నీ బడి ఖర్చే. కనుక దానం పట్టేముందు దాని పాడి ఎంత, మేత ఎంత అని అడగడం మర్యాదకు లోపం కాదు.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం కంటే రెండు నిజమైన ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి చూడడం మేలు. రెండూ ఇంటెల్ సంస్థవే. రెండూ 45 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే. విడుదలలో రెండింటికీ మధ్య తేడా ఆరున్నర నెలలు మాత్రమే. ఒకటి 2008 సెప్టెంబరులో వచ్చిన జియాన్ ఎక్స్ 7460. దీనికి ఆరు కోర్లు. రెండవది 2009 మార్చి చివర వచ్చిన జియాన్ ఎక్స్ 5570. దీనికి నాలుగే కోర్లు. ఆరు పెద్దదా, నాలుగు పెద్దదా అని రెండవ తరగతి పిల్లవానిని అడిగితే చెప్పే సమాధానం ఇక్కడ చెల్లదు. ఎందుకు చెల్లదో తెలిస్తే పాత యంత్రాన్ని తూచే పద్ధతి చాలావరకు తెలిసినట్లే.

మొదటిదాని కథ ఈ సీమవారు కొంత తీరికగా వినదగినది. జియాన్ 7400 వరుసకు సంస్థ లోపల పెట్టుకున్న పేరు డన్నింగ్టన్. దీనిని రూపొందించినవారు బెంగళూరులోని ఇంటెల్ ఇంజనీర్లు. అంతకు పూర్వం అక్కడే నాలుగు కోర్ల సర్వర్ ప్రాసెసర్ నొకదానిని, బెంగళూరు శివారు ఊరి పేరు మీదుగా వైట్‌ఫీల్డ్ అని నామకరణం చేసి, నిర్మింపబూనారు. 2005లో ఆ పని నిలిపివేయబడింది. ఏండ్ల శ్రమ బయటికి రాకుండానే ముగిసింది. అటువంటి దెబ్బ తరువాత అదే నగరం నుండి ఆరు కోర్లు, 190 కోట్ల ట్రాన్సిస్టర్లు గల ప్రాసెసర్ వెలువడడం చిన్న సంగతి కాదు. అది విడుదలైన తేదీ 2008 సెప్టెంబరు 15. చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మదినం, దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుపుకొనే రోజు అదే. ఈ కలయిక కావాలని చేసినదో, తానై కుదిరినదో కాని, బాగా కుదిరింది.

ఇక లెక్కలు. ఎక్స్ 7460 వేగం 2.66 గిగాహెర్ట్జ్. రెండేసి కోర్లు ఒక జంట. ప్రతి జంటకూ 3 మెగాబైట్ల రెండవ అంచె క్యాష్, మూడు జంటలకూ ఉమ్మడిగా 16 మెగాబైట్ల మూడవ అంచె క్యాష్. క్యాష్ అనగా ప్రాసెసర్ తన చేతికందే దూరంలో ఉంచుకొనే చిన్న గాదె. దూరపు మెమరీకి పోకుండా ముందు ఇందులో వెదుకుతుంది. ఉష్ణ పరిమితి 130 వాట్లు. వెయ్యి లెక్కన కొనేవారికి ఇంటెల్ ప్రకటించిన ధర ఒక్కొక్కటి 2,729 డాలర్లు. ఒకే పెట్టెలో ఇటువంటివి నాలుగు కూర్చితే 24 కోర్లు.

ఎక్స్ 5570 వేగం 2.93 గిగాహెర్ట్జ్. పని తక్కువ కోర్ల మీద పడినప్పుడు, వేడి అనుమతించినంత మేరకు, తానే 3.33 దాకా పెంచుకుంటుంది. మూడవ అంచె క్యాష్ 8 మెగాబైట్లు. ట్రాన్సిస్టర్లు 73 కోట్ల 10 లక్షలు. ఉష్ణ పరిమితి 95 వాట్లు. ధర 1,386 డాలర్లు. ఒక పెట్టెలో రెండు మాత్రమే పడతాయి. అంటే ఎనిమిది కోర్లు. దీని లోపలి నిర్మాణానికి నెహాలెమ్ అని పేరు.

కాగితం మీద చూసినవారు 24 కోర్ల యంత్రానికి దండం పెట్టి ఎనిమిది కోర్ల యంత్రాన్ని పక్కకు నెడతారు. పని పెట్టి చూసినవారు అలా చేయలేదు. కారణం తెలియాలంటే చెరువు గట్టు మీదికి పోవాలి.

ఈ సీమలో ఏడాది పొడుగునా పారే నది లేదు. చిత్రావతి, పాపాగ్ని నంది కొండల వైపు పుట్టి ఎండిన ఇసుకగా కనిపించే రోజులే ఎక్కువ. వ్యవసాయం తరతరాలుగా చెరువుల మీద సాగింది. చెరువు ఎంత పెద్దదైనా, ఆయకట్టు ఎంత విశాలమైనా, మడికి నీరు చేరేది తూము గుండానే. తూమును తెరిచి, మూసి, ఎవరి మడికి ఎంతసేపు నీరో నిర్ణయించి పంచే మనిషి నీరుగంటి. తూము ఇరుకైతే ఆయకట్టులో ఇంకొక పది మళ్ళు కలిపినంత మాత్రాన పంట పెరగదు. నీటి కోసం కాచుకొని కూర్చొనే రైతుల సంఖ్య పెరుగుతుంది, అంతే.

కంప్యూటర్‌లో మెమరీ చెరువు, కోర్లు మళ్ళు. ఎక్స్ 7460 పాత పద్ధతిది. దానికీ మెమరీకీ మధ్య ఫ్రంట్ సైడ్ బస్ అనే ఒకే దారి. దాని వేగం సెకనుకు 1,066 మిలియన్ బదిలీలు, ఒక్కొక్క బదిలీకి 8 బైట్లు. గుణిస్తే సెకనుకు సుమారు 8.5 గిగాబైట్లు. ఆరు కోర్లూ దీనినే పంచుకోవాలి. కోరుకు ఒకటిన్నర గిగాబైట్ కూడా రాదు. పైగా నీరుగంటి, అనగా మెమరీ కంట్రోలర్, ప్రాసెసర్‌లో లేడు. పక్కనున్న చిప్‌సెట్‌లో ఉన్నాడు. ప్రతి కోరికా అక్కడికి పోయి తిరిగి రావాలి. నాలుగు ప్రాసెసర్లకూ నాలుగు వేరువేరు దారులిచ్చి ఇంటెల్ కొంత సర్దింది నిజమే. కలిపితే 34 గిగాబైట్లు కనిపిస్తుంది. అయితే ఆ దారులకు వెనుకనున్న మెమరీ మార్గాలు చదువుటకు ఇవ్వగలిగినది సెకనుకు 21 గిగాబైట్లు మాత్రమే. 24 మళ్ళకు 21 బాన.

ఎక్స్ 5570లో నీరుగంటిని తెచ్చి మడిలోనే ఇల్లు కట్టించారు. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉన్నది. ఒక తూము స్థానంలో మూడు తూములు, అనగా డీడీఆర్ 3 మెమరీకి మూడు మార్గాలు. ఒక్కొక్కటి సెకనుకు 10.6 గిగాబైట్ల పైచిలుకు, మొత్తం 32. నాలుగు కోర్లకు పంచితే తలకు ఎనిమిది. రెండు ప్రాసెసర్ల పెట్టెలో మొత్తం 64 గిగాబైట్లు, పంచుకొనేవి ఎనిమిది కోర్లే. ఒక ప్రాసెసర్ మరొక ప్రాసెసర్ చెరువు నుండి నీరు తెచ్చుకోవడానికి క్విక్‌పాత్ అనే ప్రత్యేకపు కాలువ కూడా వేశారు.

తూముల విషయంలో విశ్వేశ్వరయ్యగారిని మరొకసారి తలచుకోవడం తగును. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన తలుపులు నీటిమట్టం పెరిగినపుడు తామే తెరుచుకొని, తగ్గినపుడు తామే మూసుకొనేవి. అదే కట్టతో ఎక్కువ నీటిని నిలువ చేయగలిగారు. ఉన్న కట్టడం నుండి ఎక్కువ పని రాబట్టడం ఇంజనీరింగ్‌లో ఎప్పటికీ పాతబడని విద్య.

ఎక్స్ 5570లో ఇంకొక నేర్పు ఉన్నది. మడిలో నీరు పారుతున్నంతసేపూ గట్టున కూర్చోక, తెలివిగల కూలీ పక్క మడిలో కలుపు తీస్తాడు. అలాగే దీని ప్రతి కోరూ రెండు పనుల వరుసలను చేపట్టి, ఒకటి మెమరీ కోసం కాచుకొన్నప్పుడు రెండవదానిని నడుపుతుంది. దీనికి హైపర్ థ్రెడింగ్ అని పేరు. ఎక్స్ 7460కు ఈ సదుపాయం లేదు. కాచుకోవలసిన అవసరం దానికే ఎక్కువ, కాచుకొనేటప్పుడు మరొక పని చేసుకొనే వీలు దానికే లేదు.

మరి 16 మెగాబైట్ల గాదె ఎందుకు పెట్టారు? తూము ఇరుకని తెలిసినందువల్లనే. మాటిమాటికీ చెరువుకు పోనక్కరలేకుండా మడి పక్కనే పెద్ద గుంట తవ్వినట్లు అది. బెంగళూరు ఇంజనీర్ల ముందున్న షరతు గట్టిది. 2007లో వచ్చిన జియాన్ 7300 యంత్రాల సాకెట్‌లోనే, ఆ చిప్‌సెట్‌తోనే, ఆ కరెంటు పరిమితిలోనే కొత్త ప్రాసెసర్ కూర్చోవాలి. దారిని వెడల్పు చేసే స్వేచ్ఛ వారికి లేదు. ఆ షరతుల్లో చేయగలిగినదంతా చేశారు. కాని గుంటకు స్థలం కావాలి. ఎక్స్ 7460 సిలికాన్ పలక వైశాల్యం 503 చదరపు మిల్లీమీటర్లు. ఎక్స్ 5570ది 263. పలక పెద్దదయ్యేకొద్దీ ఒక సిలికాన్ బిళ్ళ నుండి వచ్చే కాయలు తగ్గుతాయి, వాటిలో చెడ్డవాటి పాలు పెరుగుతుంది. ధరలోని తేడాకు ఇదొక కారణం. నాలుగు ప్రాసెసర్ల యంత్రాలు కొనే సంస్థలు ఎక్కువ ధర ఇచ్చుకోగలవన్న వ్యాపార వివేకం రెండవ కారణం.

పెద్ద గుంటకు ఫలితం లేకపోలేదు. డేటాబేస్ లావాదేవీలను కొలిచే టీపీసీ సీ పరీక్షలో, ఈ ప్రాసెసర్లు ఎనిమిది కూర్చిన ఐబీఎం యంత్రం 2008లో నిమిషానికి పది లక్షల లావాదేవీల గీతను దాటింది. ఈ జాతి ప్రాసెసర్లలో ఆ గీతను అంతకు ముందు ఎవరూ దాటలేదు. బెంగళూరు పనికి అది దక్కిన గౌరవం. కాని అదే పరీక్షలో నాలుగు ఎక్స్ 7460లున్న హెచ్‌పీ యంత్రమూ, మరుసటి ఏడు రెండే ఎక్స్ 5570లున్న మరొక హెచ్‌పీ యంత్రమూ రెండూ 6 లక్షల 30 వేల పైచిలుకు దగ్గర ఆగాయి. వాడిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వేరు కనుక వెంట్రుకవాసి తేడాలు ఎంచరాదు. అయినను 24 కోర్లు చేసిన పనిని ఎనిమిది కోర్లు చేశాయన్న మాట మిగులుతుంది. ఒకే యంత్రంలో అనేక ఊహాయంత్రాలను నడిపించే వీఎమ్‌మార్క్ పరీక్షలో రెండు ఎక్స్ 5570లు నాలుగు ఎక్స్ 7460లను దాటిపోయాయి. ఊహాయంత్రాల మెమరీ లెక్కలను ప్రాసెసరే చూసుకొనే ఏర్పాటు ఇంటెల్‌లో నెహాలెమ్‌తోనే మొదలైంది. దశాంశ గణితం విరివిగా గల శాస్త్రీయ పనుల్లోనైతే చెప్పనక్కరలేదు. అక్కడ ప్రతి అడుగూ చెరువు దాకా పోయేదే. 2010 మార్చిలో నాలుగు సాకెట్ల యంత్రాలకు కూడా నెహాలెమ్ పద్ధతి ప్రాసెసర్లు, జియాన్ 7500 వరుస, వచ్చిన తరువాత డన్నింగ్టన్ ఏలుబడి ముగిసింది. ఏడాదిన్నర రాజ్యం.

వేగం తేలింది. విలువ తేలవలసి ఉన్నది. ఇందుకు శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్ ఎరిగినవారికి వేరే పాఠం అక్కరలేదు. గూళ్ళు కొనేవాడు కిలో ధర ఒక్కటే చూడడు. రెండిట్టా ఎంత అని అడుగుతాడు. ఒక కిలో పట్టునూలు తీయడానికి ఎన్ని కిలోల గూళ్ళు పడతాయో అది రెండిట్టా. ధర తక్కువని ఎక్కువ రెండిట్టా గల గూళ్ళు తెచ్చుకొన్న రీలింగ్ యజమాని సాయంత్రానికి లెక్క చూసుకొని తల పట్టుకుంటాడు. ప్రాసెసర్లకూ రెండిట్టా కట్టవచ్చును.

పని ఇంచుమించు సమానమని పైన చూశాము. ఆ పనికి మొదటి పక్షాన నాలుగు ప్రాసెసర్లు, 10,916 డాలర్లు. రెండవ పక్షాన రెండు ప్రాసెసర్లు, 2,772 డాలర్లు. ధరలో రెండిట్టా నాలుగింతలకు కొంచెమే తక్కువ. వాట్లలో 520కి 190. రెండున్నర ఇంతలు దాటింది. మెమరీ కర్రల లెక్క దీనికి అదనం. ఎక్స్ 7460 యంత్రాల్లో వాడినవి ఎఫ్‌బీ డిమ్ అనే రకం. ప్రతి కర్ర మీదా ఒక మధ్యవర్తి చిప్ కూర్చొని ఉంటుంది. కర్రకు పది వాట్ల దరిదాపు ఖర్చు. అటువంటి కర్రలు 32 దాకా పెట్టే పెట్టెలవి. ఇద్దరు లేవనెత్తవలసిన బరువు, ఆ వేడినంతా బయటికి తోసే పంకాల రొద; పక్క గదిలో ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్ర పాఠం సాగదు.

ఆనాటి డాలర్ ధరలు ఈనాడు చరిత్ర. రెండు యంత్రాలూ ఇప్పుడు దాదాపు తుక్కు ధరకు దొరుకుతాయి, లేదా ఊరికే వస్తాయి. కనుక కొనుగోలు ధర లెక్కలో నుండి జారిపోతుంది. మేత ఖర్చు మాత్రమే నిలుస్తుంది. ప్రాసెసర్ల మధ్య తేడా 330 వాట్లు. రాత్రింబవళ్ళు నడిచే యంత్రమైతే ఏడాదికి 8,760 గంటలు, 2,890 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలని అనుకుంటే 23 వేల రూపాయల పైన. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వాట్ల అంకె ప్రాసెసర్ చల్లదనపు ఏర్పాటుకు పెట్టిన గరిష్ఠ లెక్కే కాని ఎల్లవేళలా తాగే కరెంటు కాదు. ఖాళీగా ఉన్నపుడు తక్కువే తాగుతుంది. బడి వేళల్లో రోజుకు పది గంటలు, ఏడాదికి 220 రోజులు నడిపినా పూర్తి లెక్కన 726 యూనిట్లు. అందులో సగమే నిజమనుకున్నా సుమారు 2,900 రూపాయలు. ఇది తేడా మాత్రమే. కరెంటు పోయినపుడు యంత్రాన్ని నిలిపే యూపీఎస్ బ్యాటరీల ఖర్చు ఇందులో చేరలేదు. గ్రామీణ ఫీడర్ల మీదనున్న బడులకు ఆ ఖర్చు ఎటువంటిదో ప్రధానోపాధ్యాయులను అడిగితే తెలుస్తుంది. నాలుగు ప్రాసెసర్ల పెట్టెకు యూపీఎస్ కూడా అంతటిదే కావాలి.

కరెంటు బిల్లు కట్టుకొనే దాత దొరికినా మరొక చిక్కు ఉన్నది. ఇది చాలామంది గమనించనిది. ప్రాసెసర్ పాడవకపోయినా దానికి అర్థమయ్యే ఆజ్ఞల పట్టిక పాతబడుతుంది. ఎక్స్ 7460కు ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకే తెలుసు, ఎస్‌ఎస్‌ఈ 4.2 నెహాలెమ్‌తో వచ్చింది. 2022 మే నెలలో విడుదలైన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 ఆ 4.2 ఆజ్ఞలను తప్పనిసరి చేసింది. కనుక అది ఎక్స్ 5570 మీద నడుస్తుంది, ఎక్స్ 7460 మీద నడవదు. 2024లో వచ్చిన విండోస్ 11 మార్పు కూడా 4.2 లేని ప్రాసెసర్లను గడప దాటనివ్వలేదు. ఎక్స్ 5570 గర్వించనక్కరలేదు: 2025 మే నెలలో వచ్చిన రెడ్‌హ్యాట్ 10 మరికొన్ని కొత్త ఆజ్ఞలను కోరి దానిని కూడా వాకిట నిలిపింది. డెబియన్ లినక్స్ మాత్రం 2025 నాటి 13వ కూర్పులో కూడా రెండింటినీ లోనికి పిలుస్తున్నది. బడి వంటి చోట్లకు అటువంటి ఉదారమైన ఉచిత సాఫ్ట్‌వేరే దిక్కు.

ఇంతకూ బడికి కావలసిన శక్తి ఎంత? ప్లాటినం జూబిలీ జరుపుకొనే బడికి మొదటి పనిగా తోచేది పాత అడ్మిషన్ రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఏటా నూరు మంది చేరారనుకుంటే డెబ్బై అయిదేండ్లకు 7,500 పేర్లు. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, చేరిన తరగతి, విడిచిన కారణం వీటన్నిటికీ మనిషికి 2 కిలోబైట్లు ధారాళంగా చాలును. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి, కన్నడానికీ అంతే. అయినా సరిపోతుంది. మొత్తం 15 మెగాబైట్లు. ఎక్స్ 7460 గాదె 16 మెగాబైట్లు గదా! అనగా ఈ బడి గడప తొక్కిన ప్రతి పిల్లవాని వివరమూ, మెమరీ దాకా పోనక్కరలేకుండా, ఆ ఒక్క ప్రాసెసర్ క్యాష్‌లోనే ఇమిడిపోతుంది. ముచ్చటగానే ఉన్నది. కాని ఇంత చిన్న పనికి 24 కోర్లు తిప్పడం వడ్ల గింజను ఎడ్లబండి మీద మోసినట్లు.

రిజిస్టర్ల భద్రతకు కావలసినది వేగం కాదు. మెమరీలో ఒక బిట్ తారుమారైతే తనంత తాను దిద్దుకొనే ఈసీసీ మెమరీ కావాలి. రెండు డిస్క్‌లలో ఒకే విషయాన్ని రాసే ఏర్పాటు కావాలి. మూడవ నకలు బడి ఆవరణ బయట వేరొక చోట ఉండాలి. మొదటి రెండూ పాత సర్వర్లలో సాధారణంగా ఉంటాయి, ఇంటి కంప్యూటర్లలో తరచుగా ఉండవు. పాత సర్వర్‌కు బడిలో నిజమైన గౌరవం ఇక్కడ దక్కుతుంది. మూడవది మాత్రం ఏ ప్రాసెసరూ ఇవ్వదు. ఒక మనిషి బాధ్యత పడాలి.

కంప్యూటర్ గదిలో ఇరవై మంది పిల్లలు ఒకే సర్వర్ నుండి పని చేసుకొనే పద్ధతికి లెక్క వేరు. టైపు నేర్చుకొనుట, లెక్కల అభ్యాసం, చిన్న ప్రోగ్రాములు రాయుట వంటి వాటికి రెండు ఎక్స్ 5570లు, 24 లేక 48 గిగాబైట్ల మెమరీ గౌరవంగా లాగుకొస్తాయి. అందరూ ఒక్కసారి వీడియోలు తెరిస్తే లాగలేవు. ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పవలసి ఉన్నది. 2022 తరువాత వచ్చిన ఆరు కోర్ల, 65 వాట్ల తరగతి మామూలు బల్ల కంప్యూటర్ ప్రాసెసర్ ఒక్కటే ఈ రెండు ఎక్స్ 5570లనూ సులభంగా మించుతుంది. డబ్బు పెట్టి కొనవలసి వస్తే ఈ రెండు పాత యంత్రాల్లో ఏదీ కొనదగినది కాదు. పాతదే కొనాలన్న పట్టుదల ఉంటే ఇంకా నాలుగైదేండ్లు కొత్త పాతది చూసుకోవడం మేలు. ఊరికే వచ్చినపుడు, ఎక్స్ 5570 అయితే పుచ్చుకొని వాడవచ్చును.

అటువంటప్పుడు దానికొక అదనపు లాభమున్నది. అది కూర్చొనే సాకెట్‌లోనే, చాలా బోర్డుల్లో బయాస్ కొత్తది చేసిన పిమ్మట, 2010లో వచ్చిన జియాన్ ఎక్స్ 5670 కూడా కూర్చుంటుంది. దానికి ఆరు కోర్లు, 12 మెగాబైట్ల క్యాష్. ఉష్ణ పరిమితి మాత్రం అదే 95 వాట్లు, ఎందుకంటే అది 32 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. దాని డీడీఆర్ 3 మెమరీ కర్రలు ఆ తరువాతి సర్వర్లలో కూడా వాడినవి కనుక బెంగళూరు పాత సామాన్ల అంగళ్ళలో ఇంకా దొరుకుతాయి. ఎక్స్ 7460కు అటువంటి మేనమామ ఇల్లు లేదు. దాని సాకెట్‌కు అదే చివరి ప్రాసెసర్. దాని ఎఫ్‌బీ డిమ్ కర్రలను తరువాతి తరం ఏదీ వాడలేదు.

అంతమాత్రం చేత డన్నింగ్టన్ యంత్రం వస్తే వాకిట్లో నుండే తిప్పి పంపాలని కాదు. దానిని కరెంటుకు తగిలించకుండా విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో మూత తీసి ఉంచవచ్చును. బెంగళూరులో గీసిన గీతలు 190 కోట్ల ట్రాన్సిస్టర్లుగా మారిన వస్తువును పిల్లలు చేతితో తాకి చూడగలరు. నాలుగు సాకెట్లు, మధ్యనున్న చిప్‌సెట్, దాని నుండి సాగిన రాగి దారులు కంటికి కనిపిస్తాయి. తూము ఎక్కడున్నదో ఉపాధ్యాయులు వేలుపెట్టి చూపించవచ్చును. పక్కనే ఎక్స్ 5570 బోర్డును కూడా ఉంచగలిగితే, మెమరీ కర్రలు ప్రాసెసర్ పక్కకే జరిగి రావడం చూసి, నీరుగంటి ఇల్లు మారిన కథ తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది.

చివరగా, ఎక్స్ 5570 యంత్రాన్ని పుచ్చుకొనే బడులు ఒక సంగతి మొదటి రోజే చూసుకోవలసి ఉన్నది. దానం చేసేవారు తరచుగా మెమరీ కర్రల్లో కొన్నిటిని తీసుకొని, మిగిలినవాటిని ఎక్కడపడితే అక్కడ గుచ్చి పంపుతారు. అన్ని కర్రలూ ఒకే మార్గంలో ఉంటే మూడు తూముల్లో రెండు మూతపడినట్లే. ఎక్స్ 5570 కాస్తా ఎక్స్ 7460 గతికి దిగుతుంది. అన్నీ ఒక్క ప్రాసెసర్ పక్కనే ఉంటే రెండవ ప్రాసెసర్ ప్రతి బైట్‌కూ కాలువ దాటి పోవలసి వస్తుంది. ప్రతి ప్రాసెసర్‌కూ మూడు మార్గాల్లోనూ ఒకే కొలత కర్రలు ఒక్కొక్కటి చొప్పున, మొత్తం ఆరు, గుచ్చాలి. మార్గానికి ఒకే కర్ర ఉన్నపుడే మెమరీ 1,333 వేగంతో నడుస్తుంది. రెండు పెడితే సాధారణంగా 1,066కు, మూడు పెడితే 800కు దిగుతుంది. కనుక 2 గిగాబైట్ల కర్రలు పద్దెనిమిది ఇస్తామన్నవారి కంటే 4 గిగాబైట్ల కర్రలు ఆరు ఇస్తామన్నవారికి ముందుగా ఉత్తరం రాయడం మంచిది.